ఇంటి సాలు

మా మేళ్లచెరువులో మిరప పండించిన మా నాన్న తరం రైతులు చాలామందికి ఒక అలవాటు ఉండేది. చేను చివర, గట్టు పక్కన రెండు మూడు సాళ్లు విడిగా ఉంచేవాళ్లు. మందు పంపు వీపున వేసుకుని చేనంతా తిరిగిన మనిషి ఆ సాళ్ల దగ్గరికి రాగానే చెయ్యి ఆపేసేవాడు. అక్కడ కాసిన కాయ ఖమ్మం మార్కెట్టుకు పోదు. ఎండబెట్టి, తొడిమలు తీసి, దంచి, ఏడాదికి సరిపడా కారం జాడీకెత్తేవాళ్లు. అత్తారింటికి వెళ్లిన ఆడపిల్లలకు డబ్బాల్లో పోసి పంపేవాళ్లు. మా ఇంట్లో దాన్ని ఇంటి సాలు అనేవాళ్లం.

నాకు పదేళ్లప్పుడు కళ్లంలో కాయలు తిరగేస్తూ అడిగాను. "మరి ఇవి ఎవరు తింటారు నాన్నా?" ఎర్రగా పరుచుకున్న మిరప వైపు చెయ్యి చూపించాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. "ఎవరో ఒకరు తింటార్లేరా" అని కండువా దులుపుకుని లేచిపోయాడు. ఆయన చెడ్డమనిషి కాదు. మందు కొట్టకపోతే పంట చేతికి రాదని నమ్మాడు. ఇంట్లోవాళ్ల కడుపులోకి ఆ మందు పోకూడదనీ నమ్మాడు. ఆ రెండు నమ్మకాలూ ఒకే చేలో, రెండు గజాల ఎడంతో పెరిగేవి.

ఇప్పుడు ప్రపంచ వ్యాపారంలో ఒక పెద్ద మాట తిరుగుతోంది. స్వచ్ఛంద సుస్థిరతా ప్రమాణాలు. చట్టం బలవంతం చేయకపోయినా నేలకీ, నీటికీ, కూలికీ, తినేవాడికీ కట్టేవాడికీ హాని లేకుండా పండిస్తామని పండించేవాళ్లూ, అలా పండినదే కొంటామని కొనేవాళ్లూ ఒప్పుకుని రాసుకున్న నియమాలు అవి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇంటి సాలే గుర్తొస్తుంది. అదీ ఎవరూ చెప్పకుండా పెట్టుకున్న నియమమే. కాకపోతే మా గడప దాటలేదు. దాన్ని గట్టు దాటించి, ఊరి చేలన్నిటికీ పరిచిన ఊరొకటి మాకు అప్పటి పొరుగు జిల్లాలోనే ఉంది. పేరు పునుకుల. పాల్వంచ మండలం. అప్పట్లో ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా.

ఇది ఆ ఊరి కథ. నడిచిన దారి వాళ్లది. మనుషుల నోట పలికించిన మాటలు, వాళ్ల కదలికలు నేను కూర్చుకున్నవి. రైతుల పేర్లు కావాలనే రాయలేదు.

*

1990ల చివరి ఏళ్లు. ఆగస్టు నెల. పత్తి మోకాలెత్తు దాటి గూడ కడుతోంది. తెల్లవారకముందే ఒక రైతు, ఆయన భార్య చేలోకి దిగారు. బిందెలో నీళ్లు, పక్కన మందు డబ్బా. ఆయన మూత తీసి నీళ్లలోకి వంచాడు. కలపడానికి కర్ర కోసం అటూ ఇటూ చూసి, దొరక్క మోచేతి దాకా చెయ్యే పెట్టి తిప్పాడు.

"ఈసారి ఏ డబ్బా ఇచ్చిండు?" అంది ఆమె.

"కొత్తదంట. పోయినసారి డబ్బాకి చావని పురుగు దీనికి చస్తదంట."

"పోయినసారి డబ్బా ఇచ్చినప్పుడూ ఇదే చెప్పిండు గదా."

ఆయన జవాబు చెప్పలేదు. పంపు వీపున వేసుకుని సాళ్లలోకి నడిచాడు. గాలి ఎదురొచ్చినప్పుడల్లా తుంపర మొహం మీద పడుతోంది. నాలుగో పంపు అయ్యేసరికి కళ్లు మండాయి. ఏడో పంపుకి కాళ్లు తేలిపోయాయి. గట్టు మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. ఆమె పరుగున వచ్చి మొహాన నీళ్లు కొట్టింది. మనిషి తేరుకున్నాక అడిగిన మొదటి మాట, "ఇంకెన్ని పంపులు మిగిలినై?"

మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్, క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్. ఈ పేర్లు ఆ రోజుల్లో ఊళ్లో చదువు రానివాళ్లకి కూడా నోటికి వచ్చు. పునుకులలో కోయలూ, లంబాడాలూ ఎక్కువ. పత్తి వాళ్ల తాతల పంట కాదు. 1980ల్లో గుంటూరు వైపు నుంచి వలస వచ్చిన రైతులతో పాటు ఆ పంట అక్కడ అడుగుపెట్టింది. పంటతో పాటు డబ్బా వచ్చింది. డబ్బాతో పాటు ఉద్దెర వచ్చింది. విత్తనం ఇచ్చేవాడు, ఎరువు ఇచ్చేవాడు, మందు ఇచ్చేవాడు, అప్పు ఇచ్చేవాడు, చివరికి పత్తి కొనేవాడు, అంతా ఒక్కడే. ఏ తెగులుకి ఏ మందో చెప్పే డాక్టరూ అతడే. రేటు కట్టేదీ అతడే. రైతు చేతిలో మిగిలేది చిట్టా కాగితం.

ఈ చిట్టా చివర ఏముందో 1997-98లో రాష్ట్రమంతా చూసింది. వరంగల్ జిల్లాలో లద్దె పురుగు పత్తి చేలని ఊడ్చేసింది. అన్ని డబ్బాలూ అయిపోయాయి, పురుగు మాత్రం చావలేదు. ఒకే రకం మందు పదేపదే తగిలితే దానికి తట్టుకున్న పురుగే బతుకుతుంది, దాని పిల్లలే పెరుగుతాయి. అంటే రైతు అప్పు చేసి మరీ మొండి పురుగుని పెంచాడు. పురుగు మీద పనిచేయని ఆ మందునే వందల మంది రైతులు తామే తాగారు. ఇన్నేళ్లు గడిచినా ఈ వాక్యం రాస్తుంటే నా చెయ్యి వణుకుతుంది.

*

1999లో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు ఊళ్లోకి వచ్చారు. వాళ్ల వెనుక హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ ఉంది. ఆ సంస్థ వెనుక ఇద్దరు శాస్త్రవేత్తల ఆలోచన ఉంది: రాజమండ్రి పొగాకు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా చేసిన కీటక శాస్త్రవేత్త ఎం.ఎస్. చారి, ఎన్.కె. సంఘీ. 1980ల చివరి నుంచే తెలంగాణ చెలకల్లో ఆముదాన్ని తినేసే ఎర్ర గొంగళి పురుగు మీద ఇలాంటి పని జరిగింది. తొలకరి వాన పడగానే నేలలోంచి దాని రెక్కల పురుగులు లేస్తాయి. ఊరంతా ఒకే రాత్రి చేలల్లో మంటలు వేస్తే అవి వెలుగు చూసి వచ్చి మంటలో పడతాయి. ఒక్కడు వేస్తే పక్క చేలవి కూడా అతడి చేలోకే వస్తాయి. అందరూ వేస్తేనే ఫలితం. ఈ ఒక్క సంగతిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, తర్వాత వచ్చినదంతా దీని మీదే నిలబడింది.

పునుకులలో మొదటి సమావేశం వేపచెట్టు కింద జరిగిందని అనుకుందాం. కుర్రవాడైన కార్యకర్త చెబుతున్నాడు. "ఎండాకాలం లోతు దుక్కి దున్నండి. నేలలో దాక్కున్న కోశాలు పైకొచ్చి ఎండకి చస్తాయి, కొంగలు తింటాయి. చేను చుట్టూ జొన్న చల్లండి. మధ్యమధ్యలో బంతి, ఆముదం వేయండి. శనగపచ్చ పురుగు తల్లి బంతి మీద గుడ్లు పెడుతుంది, లద్దె పురుగు తల్లి ఆముదం ఆకు మీద పెడుతుంది. ఆ ఆకు తుంచేస్తే పని అయిపోయింది."

వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. "నాయనా, నువ్వు చెప్పేది మా అయ్య చేసిండు. అప్పుడు జొన్నలు పండినై, పెసలు పండినై. ఇది పత్తి. దీని సంగతి నీకు తెల్వదు."

"పురుగు అదే కదా తాతా."

"పురుగు అదే. అప్పు వేరు."

ఆ మాటకి అందరూ మౌనం అయ్యారు. చేను పోతే పోతుంది, వచ్చే ఏడు చూసుకోవచ్చు. అప్పున్నవాడికి వచ్చే ఏడు లేదు. ప్రయోగం చేయడానికి ధైర్యం ఒక్కటే సరిపోదు, ఒక పంట పోయినా తట్టుకునే బలం కావాలి. ప్రమాణాలు రాసేవాళ్లు దేశదేశాల్లో ఈ సంగతి చాలాసార్లు మరిచిపోయారు.

అయినా కొద్దిమంది ముందుకొచ్చారు. ధైర్యవంతులని కాదు, ఇక డబ్బా కొనే శక్తి లేక. గట్టు మీద వాంతి చేసుకున్న మన రైతుని వాళ్లలో ఒకడిగా ఊహించుకుంటాను.

*

వేప కషాయం గురించి కాస్త వివరంగా చెబుతాను. మా ఇళ్లల్లో వేపాకు మసూచికి తలగడ కింద పెట్టడం తెలుసు, ధాన్యం గుమ్మిలో వేయడం తెలుసు. గింజ సంగతి అందరికీ తెలియదు.

ఆషాఢంలో వేపపళ్లు రాలతాయి. ఏరుకొచ్చి, గుజ్జు కడిగి, గింజ నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పస పోతుంది. రోట్లో వేసి దంచితే పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో జిడ్డు పొడి వస్తుంది. వాసనకే నాలుక చేదెక్కుతుంది. ఎకరాల లెక్కన అంచనా వేసుకుని, వంద లీటర్ల మందుకి అయిదు కిలోల పొడి చొప్పున పాత పంచె గుడ్డలో మూట కట్టి, నీళ్లలో రాత్రంతా నాననివ్వాలి. పొద్దున మూటను ముంచి పిండుతూ ఉంటే పాలలాంటి నీళ్లు దిగుతాయి. ఇక చాలు అనుకున్నాక ఇంకోసారి పిండాలి. ఆఖరి పిండుడులోనే ఎక్కువ చేదు ఉంటుందని చేసినవాళ్లు అంటారు. దాన్ని వంద లీటర్లకి కలిపి, ఆకుకి అంటుకోవడానికి కాస్త సబ్బుపొడి వేసి, సాయంత్రం ఎండ తగ్గాక కొట్టాలి.

ఆ రైతు భార్య పిండింది. ఆయన కొట్టాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆకు తిప్పి చూశాడు. పురుగు బతికే ఉంది.

రెండో రోజూ బతికే ఉంది.

ఇక్కడే చాలామంది వెనక్కి తిరిగిపోతారు. డబ్బా మందు కొడితే సాయంత్రానికి పురుగు కిందపడి కొట్టుకుంటుంది. కళ్లారా చూడొచ్చు, మనసు చల్లబడుతుంది. వేప అలా చంపదు. ఆకు చేదెక్కి పురుగు తినడం మానేస్తుంది. కుబుసం విడవలేక చచ్చిపోతుంది. దానికి రోజులు పడతాయి.

మూడో రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. "రేపు పొద్దున పోయి డబ్బా తెస్తా" అన్నాడు.

"దేనితో తెస్తవ్?"

"ఉద్దెర."

"ఇంకొక్క రోజు చూద్దాం." కాసేపాగి ఆమే అంది, "నిన్న ఆకు చూసిన. కొత్త చిల్లుల్లేవు."

అది నిజం. పురుగు ఉంది, కొత్త చిల్లు లేదు. నాలుగో రోజు పొద్దున చేలో నాటిన పుల్లల మీద పిట్టలు వాలాయి. ఎకరానికి ఎనిమిదో పదో పుల్లలు, పిట్ట కూర్చోడానికి వీలుగా అడ్డం కట్టి నాటమని చెప్పారు. విషం లేని చేలోకి ఏట్రింతలు వచ్చాయి. నీరసపడ్డ పురుగులని ముక్కుతో ఏరుకున్నాయి. లింగాకర్షక బుట్టల్లో మగ రెక్కల పురుగులు పడ్డాయి. జిగురు పూసిన పసుపు రేకుల నిండా తెల్లదోమ అతుక్కుంది. సాలీళ్లు, అక్షింతల పురుగులు, పేర్లు తెలియని మిత్ర పురుగులెన్నో తిరిగి వచ్చాయి.

ఆ ఏడు పత్తి దిగుబడి డబ్బా రైతులకంటే తక్కువ రాలేదు. మందు ఖర్చు మాత్రం మొదటిసారి చేతిలో మిగిలింది. ఆ కబురు ఊళ్లో నడవలేదు, పరుగెత్తింది.

*

వేలకొద్దీ ఊళ్లలో ఇలాంటి మంచి రైతులు ఒకరిద్దరు ఉన్నారు. ఒకరిద్దరిగానే మిగిలిపోయారు. పునుకుల అలా ఆగలేదు. దానికి కారణం ఆడవాళ్లు.

మందు వల్ల పడే బాధలో సగం వాళ్లదే. నీళ్లు మోసేది వాళ్లు, కలిపేది వాళ్లు, తడి ఆరని చేలో పత్తి తీసేది వాళ్లు, మొగుడికి వాంతులైతే ఆటో పిలిచేది వాళ్లు. పొదుపు సంఘంలో కూర్చున్నప్పుడు ఆసుపత్రి బాకీ, మందు బాకీ పక్కపక్కన రాసుకున్నది వాళ్లే. సంఘం తరఫున వేపగింజలు పొడి చేసే యంత్రం తెచ్చుకున్నారు. చెట్ల కింద ఊరికే కుళ్లిపోయే పళ్లకి రేటు వచ్చింది. ఏరేవాళ్లకి కూలి వచ్చింది, యంత్రం దగ్గర పని చేసేవాళ్లకి ఉపాధి వచ్చింది. పక్క ఊళ్లకి పొడి అమ్మారు. డబ్బు ఊరు దాటి బయటికి పోవడం తగ్గి ఊళ్లోనే తిరగడం మొదలైంది.

మందు షాపుల వైపు నుంచి ఒత్తిడి రాకుండా ఎలా ఉంటుంది? ఒక సాయంత్రాన్ని ఇలా ఊహించాను. షాపు మనిషి మోటారు సైకిలు మీద వచ్చి వాకిట్లో ఆపాడు.

"బాకీ మొత్తం ఇప్పుడే కట్టాలన్నా. పై నుంచి ఒత్తిడి."

"పత్తి అమ్మినాక కడతనని చెప్పిన గదా."

"మాతోని మందు తీసుకుంటే నేనే ఆగేవాణ్ణి."

లోపల నుంచి ఆమె వచ్చింది. నడుముకి కొంగు చుట్టుకుంది. "సంఘంలో లోన్ తీసుకుని రేపే కడతం. బాకీ కడతం గానీ డబ్బా మాత్రం కొనం."

అప్పు ఇచ్చేవాడి చేతిలోంచి తప్పుకుని, అప్పు ఇచ్చే సంఘం తామే అయితే గానీ ఆ మాట నోట రాదు. అందుకే పునుకుల కథని పురుగుల కథగా, కషాయాల కథగా మాత్రమే చెప్పడం నాకు నచ్చదు.

ఎర్ర గొంగళి పురుగు మంటల సంగతి గుర్తుంది కదా. ఊళ్లో కొందరు మందు కొడుతూ ఉంటే మిత్ర పురుగులు ఆ చేలల్లో చచ్చిపోతాయి, గాలికి తుంపర పక్క చేలోకి వస్తుంది. అందుకే చివరికి గ్రామ పంచాయతీ కూర్చుంది. 2004లో పునుకుల పంచాయతీ తమ ఊరు పురుగుమందులు లేని ఊరని తీర్మానించింది. పత్తితో మొదలైన పద్ధతి మిరపకీ, వరికీ పాకింది. ఏ సర్టిఫికెట్టూ లేదు, ఏ విదేశీ ముద్రా లేదు. మినిట్సు పుస్తకంలో ఒక తీర్మానం, దాని కింద సంతకాలు, వేలిముద్రలు. నా దృష్టిలో మన తెలుగు నేల మీద పుట్టిన గొప్ప స్వచ్ఛంద ప్రమాణాల్లో అదొకటి.

*

తర్వాతి కథ వేగంగా నడిచింది. ఆ 2004లోనే భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఉద్యోగం వదులుకున్న శాస్త్రవేత్త జి.వి. రామాంజనేయులు హైదరాబాద్‌లో సుస్థిర వ్యవసాయ కేంద్రం పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ సెర్ప్, మహిళా సమాఖ్యల ద్వారా ఈ పద్ధతిని ఊరూరికీ తీసుకెళ్లింది. స్వచ్ఛంద సంస్థకి ఊరి నాడి తెలుసు, శాస్త్రవేత్తకి పురుగు తెలుసు, సమాఖ్యకి అప్పు పుస్తకం తెలుసు, ప్రభుత్వానికి విస్తరించే చేతులున్నాయి. నలుగురూ కలిశారు. 2009లో ప్రపంచ బ్యాంకు నివేదిక నాటికి 3 లక్షల పైచిలుకు రైతులు, 13.6 లక్షల ఎకరాలు. జనగామ దగ్గర ఏనెబావి అనే చిన్న పల్లె, క్రాప్స్ అనే సంస్థ తోడుగా, పురుగుమందులతో పాటు రసాయన ఎరువులకి కూడా చెల్లుచీటీ ఇచ్చి 2006 నాటికి పూర్తి సేంద్రియ గ్రామం అయింది. అక్కడ ఉన్నవి యాభై చిల్లర కుటుంబాలు.

ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్ మీద కేంద్రం నిషేధం 2023లో గానీ రాలేదు. పునుకుల వాళ్లు తీర్మానం చేసిన 19 ఏళ్లకి.

*

కానీ పత్తి పండటంతో కథ అయిపోదు, అమ్మాలి. పునుకుల పత్తి బండి మార్కెట్ గేటు దాటగానే ఏమవుతుంది? డబ్బా కొట్టిన పత్తి కుప్ప పక్కనే దీన్నీ పోస్తారు. సాయంత్రానికి రెండూ ఒకటే కుప్ప. మిర్యాలగూడ రైస్ మిల్లులో ధాన్యం దిగితే తేమ చూస్తారు, తాలు చూస్తారు, నూక ఎంత వస్తుందో చూస్తారు. ఎన్నిసార్లు మందు కొట్టావని అడిగేవాళ్లని నేను ఎరగను. అడగని ప్రశ్నకి రైతు ఎంత బాగా జవాబు చెప్పినా మార్కులు పడవు.

ఆ ప్రశ్న అడిగే వ్యాపారాన్ని కట్టడానికి చేసిన ప్రయత్నాల్లో తెలంగాణకి దగ్గరిది చేతన ఆర్గానిక్. అది కూడా 2004లోనే మొదలైంది. ఈటీసీ ఇండియా, నెదర్లాండ్స్‌కి చెందిన సాలిడారిడాడ్, ఇక్కో అనే సంస్థలు కలిసి దీన్ని మొదలుపెట్టాయి. ఆసిఫాబాద్ వైపు గోండు, కోలాం రైతులు, విదర్భ రైతులు, ఒడిశా కలహండి రైతులు ఇందులోకి వచ్చారు. వాన మీదే ఆధారపడ్డ చిన్న కమతాలు. వాళ్ల పత్తికి సేంద్రియ ధ్రువీకరణతో పాటు ఫెయిర్‌ట్రేడ్ ధ్రువీకరణ తెచ్చారు. ఫెయిర్‌ట్రేడ్‌లో మార్కెట్ పడిపోయినా ఒక కనీస ధర ఉంటుంది. దాని పైన కొనేవాడు ఇచ్చే ప్రీమియం సొమ్ము రైతుల ఉమ్మడి నిధికి పోతుంది, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో రైతులే కూర్చుని తేల్చుకుంటారు. 2009లో రైతులే వాటాదారులుగా ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకున్నారు. యూరప్‌లో, అమెరికాలో చొక్కాలమ్మే బ్రాండ్లకీ ఆసిఫాబాద్ చెలకకీ నేరుగా దారి పడింది.

ఆ దారిలో పెద్ద గుంట విత్తనం. 2002 మార్చిలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది. కొన్నేళ్లలోనే దుకాణాల్లో బీటీ కాని విత్తనం కనపడటం మానేసింది. సేంద్రియ ప్రమాణం బీటీని ఒప్పుకోదు. రైతు మందు మానేశాడు, ఎరువు మానేశాడు, మరి విత్తనం ఎక్కడ తేవాలి? 2010 జనవరిలో జర్మనీ పత్రిక ఫైనాన్షియల్ టైమ్స్ డాయిష్‌లాండ్, భారత్ నుంచి వచ్చిన సేంద్రియ పత్తిలో జన్యుమార్పిడి ఆనవాళ్లు దొరికాయని రాసింది. పెద్ద పెద్ద బ్రాండ్ల పేర్లు వచ్చాయి. దెబ్బ మాత్రం ముందుగా తగిలింది రైతు నమ్మకానికి. పక్క చేలోంచి పుప్పొడి ఎగిరొచ్చినా, జిన్నింగు మిల్లులో దూది కలిసినా తప్పు చేలోనిదే అన్నట్టు మాట్లాడారు. చేతన వాళ్లు చివరికి బీటీ కాని విత్తనాన్ని తామే పెంచుకుని, తమ రైతుల దగ్గరే కాపాడుకునే పనికి దిగారు. ఏదైనా ఒక ప్రమాణం పెడితే దాన్ని పాటించడానికి కావలసిన సరంజామా కూడా పెట్టాలని ఈ ఉదంతం చెబుతుంది. విత్తనం దొరకని చోట విత్తన నియమం రాయడం రైతుని దొంగని చేయడమే.

ఇంకో రకం దారి బెటర్ కాటన్‌ది. అందులో మందులు పూర్తిగా మానమనరు, తగ్గించమంటారు. మరీ విషమైనవి వదలమంటారు. నీరు పొదుపు, కూలీల హక్కులు, పిల్లలు పనిలో ఉండకపోవడం లాంటివి చూస్తారు. మన దేశంలో తొలి పంట 2011లో వచ్చింది. ఇది మెతక ప్రమాణమని విమర్శించేవాళ్లున్నారు. నాకు రెండూ కావాలనిపిస్తుంది. ఉద్దెర ఊబిలో ఉన్నవాడికి మొదటి మెట్టు తక్కువ ఎత్తులో ఉండాలి. కానీ ఆ మెట్టు మీదే కూర్చోబెట్టి మేడ ఎక్కించామని చెప్పుకోకూడదు.

ఇలా ఒక్కో కొనుగోలుదారు ఒక్కో నియమావళి పట్టుకుని వస్తే రైతు ఒకే చేనికి నాలుగు రిజిస్టర్లు రాయాలి. ఈ చిక్కు ప్రపంచమంతా ఉంది. 2013లో ఐక్యరాజ్యసమితికి చెందిన అయిదు సంస్థలు, అంటే ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం, అంక్టాడ్, పర్యావరణ సంస్థ, పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి ఈ ప్రమాణాల కోసం ఉమ్మడి వేదిక పెట్టుకున్నాయి. దాని దన్నుతో 2016లో భారత నాణ్యతా మండలి నీడన మన దేశానికీ ఒక వేదిక వచ్చింది. ప్రభుత్వం, వ్యాపారులు, ధ్రువీకరణ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు ఒక బల్ల చుట్టూ కూర్చోవడం మంచిదే. ఆ బల్ల దగ్గర పునుకులలో డబ్బా కొననన్న ఆ ఇల్లాలికి కుర్చీ వేశారా అన్నదే నేను అడుగుతాను. తనిఖీ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? రైతు తప్పు చేస్తే సర్టిఫికెట్ పోతుంది, కొంటానన్నవాడు సీజన్‌లో మొహం చాటేస్తే అతడిది ఏం పోతుంది? నియమాలు రెండు వైపులా రాయాలి. మిరపకాయల విషయంలో అయితే ఇది మా ఊరి సమస్య. విదేశానికి వెళ్లే మిర్చికి మందు అవశేషాల పరీక్ష ఉంది. అక్కడ తిరస్కరించిన సరుకు మన బజారులోనే అమ్ముడుపోతే, తినేది ఎవరు?

*

మేళ్లచెరువు ఇప్పుడు నా చిన్నప్పటి ఊరు కాదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు, శివరాత్రికి శంభులింగేశ్వరుడి జాతర, ఇవన్నీ ఉన్నాయి. పోయిన జాతరకి వెళ్లినప్పుడు మా వీధి కుర్రాడొకడు, వరసకి నాకు అల్లుడు అవుతాడు, పక్కన కూర్చుని అడిగాడు. "మామా, సర్టిఫికెట్ కావాలంటే చాలా ఖర్చంట గదా? మేం నలుగురైదుగురం రెండెకరాల చొప్పున మిరప మందు లేకుండా చూద్దామనుకుంటున్నం."

నేను అతడికి పీజీఎస్ అనే ధ్రువీకరణ పద్ధతి గురించి చెప్పాను. మూడో మనిషి వచ్చి తనిఖీ చేసే పద్ధతి ఒకటుంది, ఎగుమతికి అదే కావాలి. పీజీఎస్‌లో రైతులే ఒకరి చేనుని ఒకరు చూసుకుని హామీ పడతారు. కనీసం అయిదుగురు గుంపు కట్టాలి, ప్రతిజ్ఞ చేయాలి. మన దగ్గర జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, అనంతపురం వైపు టింబక్టు కలెక్టివ్ రైతులు ఈ పద్ధతిని ముందుగా పట్టుకున్నవాళ్లలో ఉన్నారు. ప్రభుత్వం కూడా 2011 నుంచి తన పీజీఎస్ నడుపుతోంది. విదేశాలకి ఈ ముద్ర చెల్లదు, దేశంలో అమ్ముకోవడానికి చెల్లుతుంది.

"పక్కింటోడే తనిఖీ అంటే మొహమాటం ఉండదా మామా?"

చదువు రాని పస్తాపూర్ ఆడవాళ్లు అది ఎలా చేస్తారో నాకు తెలిసినంత, ఊహించగలిగినంత వాడికి చెప్పాను. అయిదుగురు కలిసి వస్తారు. ముందు చేలోకి పోతారు. మట్టి పిడికిట పట్టి చూస్తారు. వానపాము ఉందా, కలుపు మాడిపోయి ఉందా అని చూస్తారు. పక్క చేను వాడి మందు గాలికి ఇటు రాకుండా గట్టు మీద కంది వేశావా అని అడుగుతారు. ఎద్దులెన్ని, ఆ ఎద్దులకి సరిపడా ఎరువు కుప్ప ఉందా అని కళ్లతోనే లెక్క కడతారు. ఆ తర్వాత మంచినీళ్లు ఇవ్వమని ఇంట్లోకి వస్తారు. మాట్లాడుతూనే చూరులోకి చూస్తారు, గోనె సంచుల వెనక్కి చూస్తారు. చివరికి మూలన ఉన్న పంపుని వాకిట్లోకి తెమ్మంటారు. అందరికంటే పెద్దావిడ మూత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. మిగతా నలుగురూ ఆవిడ మొహం వైపు చూస్తూ నిలబడతారు.

మా అల్లుడు కాసేపు మాట్లాడలేదు. "మా ఇంట్ల అయితే ఆ పని మా అమ్మ చేస్తది" అన్నాడు.